కట్టెల స్టవ్ అద్దం రెండు రోజులకే నల్లబడుతోంది, చిమ్నీ శుభ్రం చేయించాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. పాత ఇటుక చిమ్నీకి అద్దం తలుపున్న కొత్త కట్టెల స్టవ్ తగిలించారు. తుడిచిన రెండు రోజులకే అద్దం నల్లబడుతోంది. రాత్రి పడుకునే ముందు పెద్ద దుంగ వేసి గాలి దాదాపు మూసేస్తే తెల్లారేదాకా నిప్పు నిలుస్తోంది గానీ, పొద్దున గదంతా తారు వాసన. ముట్టించిన మొదటి పది నిమిషాలూ పొగ గదిలోకి తన్నుతోంది. చిమ్నీని శుభ్రం చేస్తుందని చెప్పే పొడి నిప్పులో వేస్తే సరిపోతుందా, లేక మనిషిని పిలిపించాలా అని అడిగారు.

మనిషిని పిలిపించండి. చిమ్నీని కింది నుంచి పైదాకా చూసి, శుభ్రం చేసి వెళ్ళేదాకా స్టవ్ వెలిగించకండి. కొన్ని రోజులు చలికి ఇబ్బంది పడాల్సి వచ్చినా సరే. మీరు చెప్పిన మూడు లక్షణాలూ ఒకే చోట కనిపించిన ఇళ్ళలో చిమ్నీ లోపల ఏం పేరుకుందో నేను చాలాసార్లు చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అయితే శుభ్రం చేయించడంతో పని అయిపోదు. ఇప్పుడు మండిస్తున్న పద్ధతిలోనే మండిస్తే నెల తిరక్కుండా అదే మసి మళ్ళీ పేరుకుంటుంది. స్టవ్ శుభ్రంగా ఉండేది ఎక్కువగా కట్టె వల్ల, గాలి వల్ల. బ్రష్ పని ఆ తర్వాతే. అందుకే ముందు అసలు ఏం జరుగుతోందో చెబుతాను.

కట్టె కాలేటప్పుడు మూడు పనులు జరుగుతాయి. మొదట అందులోని నీరు ఆవిరైపోతుంది. తర్వాత వేడికి కట్టె విడిపోయి వాయువులుగా మారుతుంది, ఆ వాయువులు అంటుకుంటేనే మనకు మంట కనిపిస్తుంది. చివరికి మిగిలిన బొగ్గు కణికలై కాలుతుంది. ఎండుకట్టె ఇచ్చే వేడిలో సగానికి పైగా ఆ వాయువుల్లోనే ఉంటుంది. అవి పూర్తిగా కాలాలంటే పొయ్యి లోపల దాదాపు 600 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి, తగినంత గాలీ అందాలి. ఈ రెండింటిలో ఏది తగ్గినా అవి కాలకుండానే పైకి పోతాయి. మనం పొగ అనేది చాలావరకు దాన్నే.

ఆ పొగలో నీటి ఆవిరి, తారు ఆవిర్లు, మసి కలిసి ఉంటాయి. చిమ్నీ లోపలి గోడ సుమారు 120 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న చోటల్లా అవి చేరి పట్టుకుంటాయి, మరిగే గిన్నె మూతకు లోపలివైపు చెమ్మ పట్టినట్టు. మూతకు పట్టేది నీరు, చిమ్నీకి పట్టేది మండే సరుకు. దీన్నే క్రియోసోట్ అంటారు. మొదట్లో అది పొడి మసిలా ఉంటుంది, బ్రష్‌తో రుద్దితే రాలిపోతుంది. పట్టించుకోకపోతే నల్లగా మెరిసే గట్టి పెచ్చులుగా మారుతుంది, అప్పటికీ కష్టపడి గీకొచ్చు. ఇంకా వదిలేస్తే కరిగిన తారులా గోడ పొడుగునా కారి, గట్టిపడి, గాజుపొరలా మెరుస్తుంది. ఆ మూడో దశ మామూలు బ్రష్‌కు లొంగదు. చిమ్నీలో మంట అంటుకున్నప్పుడు అన్నిటికన్నా భీకరంగా మండేదీ అదే. అలా అంటుకుంటే లోపలి వేడి 1,000 డిగ్రీలు దాటిపోగలదు.

మీ అద్దం మీద పట్టింది కూడా ఆ సరుకే. ఇలాంటి స్టవ్‌లలో పైనుంచి కొంత గాలి అద్దం వెంబడి కిందికి దిగేలా ఏర్పాటు ఉంటుంది. గాలి సరిగా వస్తుంటే, పొయ్యి వేడిగా ఉంటే, అద్దం వారాల తరబడి తేటగా ఉంటుంది. గాలి మూసేస్తే ఆ తెర పోయి పొగ నేరుగా అద్దానికి తగులుతుంది. అద్దం మన కళ్ళముందు ఉంది కాబట్టి తెలుస్తోంది. అదే పొగ అంతకన్నా చల్లగా ఉన్న చిమ్నీ గోడల మీదుగా ఇంకెన్నో మీటర్లు పోతోందని గుర్తు పెట్టుకోండి.

ఇక రాత్రి దుంగ సంగతి. మీరు మొట్టమొదట మానేయాల్సింది ఇదే. పెద్ద దుంగ వేసి గాలి మూసేస్తే మంట చచ్చిపోతుంది, దుంగ మాత్రం లోలోపల రగులుతూ ఎనిమిది గంటలు పొగ కక్కుతూనే ఉంటుంది. ఆ పొగ కాలదు. అప్పటికి చిమ్నీ కూడా చల్లబడిపోయి ఉంటుంది. పొద్దున్నే మీకు వచ్చే తారు వాసన దాని గుర్తే. ఇంకో ప్రమాదం వాసన లేనిది. గాలి చాలక రగిలే బొగ్గు కార్బన్ మోనాక్సైడ్‌ను ఎక్కువగా పుట్టిస్తుంది. చిమ్నీ చల్లారి లాగే బలం తగ్గినప్పుడు, ఇంట్లో అందరూ నిద్రలో ఉన్న వేళ, అది వెనక్కి గదిలోకి రావచ్చు. తారు వాసన గదిలోకి వస్తోందంటే దానితోపాటు ఇదీ రావడానికి దారి ఉందన్నమాట. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే, మళ్ళీ స్టవ్ వెలిగించే లోపే తెచ్చి పెట్టండి. దీని గురించి కింద ఇంకాస్త రాస్తాను.

రాత్రి వెచ్చదనం కావాలంటే పడుకోవడానికి ఒకటిన్నర, రెండు గంటల ముందు మధ్యస్థంగా చీల్చిన ఎండుకట్టెలు రెండు మూడు వేసి బాగా మండనివ్వండి. స్టవ్ ఇనుము, చుట్టూ ఉన్న ఇటుక ఆ వేడిని పట్టి ఉంచి చాలాసేపు వదులుతాయి. పొద్దున మళ్ళీ చితుకులతో ముట్టించుకోవడం ఐదు నిమిషాల పని.

కట్టె విషయంలో కొంచెం ఓపిగ్గా చదవండి, సగం ఇబ్బందులకు మూలం ఇక్కడే ఉంది. అప్పుడే నరికిన చెట్టు బరువులో సగం దాకా నీరే ఉండొచ్చు. అలాంటి పది కిలోల కట్టె పొయ్యిలో పెడితే ఐదు లీటర్ల నీళ్ళు పోసినట్టే. లీటరు నీటిని వేడిచేసి ఆవిరి చేయడానికి సుమారు 2.6 మెగాజౌళ్ళ వేడి కావాలి. చాలామంది దీన్ని వేడి వృథా కావడంగానే చూస్తారు. నన్నడిగితే దానికన్నా పెద్ద నష్టం వేరే ఉంది. ఆ నీరు ఆవిరయ్యేంతసేపూ పొయ్యిలో వేడి పెరగదు, వాయువులు అంటుకునే 600 డిగ్రీలకు చేరదు. అంటే పచ్చికట్టె తక్కువ వేడినిస్తుంది, ఎక్కువ తారునూ పుట్టిస్తుంది.

కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి. దీన్ని కంటితో తేల్చుకోవడం కష్టం, తేమ మీటర్ కొనుక్కోండి. రెండు సూదులుండే చిన్న పరికరం అది. చాలామంది చేసే పొరపాటు, దుంగ బయటి పక్కన సూదులు గుచ్చి చూడటం. బయట ఎప్పుడూ ఆరిపోయే ఉంటుంది. దుంగను గొడ్డలితో చీల్చి, అప్పుడే తెరుచుకున్న లోపలి ముఖం మధ్యలో, నార పోయే దిశలో సూదులు గుచ్చండి. కుప్పలో పై కట్టె ఒక్కటే కాకుండా అడుగునుంచి, మధ్యనుంచి కూడా తీసి చూడండి. మీటర్ చేతికి వచ్చేదాకా కొన్ని గుర్తులు పనికొస్తాయి. ఆరిన కట్టెకు చివర్లలో పగుళ్ళు వస్తాయి, బెరడు ఊడుతుంటుంది, ఎత్తితే తేలిగ్గా ఉంటుంది, రెండు కట్టెలు ఒకదానితో ఒకటి కొడితే ఖంగున మోగుతాయి. పచ్చివైతే మొద్దుగా చప్పుడవుతుంది. మంటలో వేసినప్పుడు చివర్ల నుంచి నీరు బుసబుసమని నురగలు కక్కితే ఇక ఏ మీటరూ అక్కర్లేదు.

"ఎండిన కట్టె" అని అమ్మినంత మాత్రాన నమ్మకండి. నరికి ఎన్నాళ్ళయింది అన్నది ఒక్కటే చూస్తే చాలదు, చీల్చి ఎన్నాళ్ళయిందో అడగండి. చీల్చని దుంగ బెరడు చాటున ఏళ్ళ తరబడి తడి దాచుకోగలదు. చీల్చి పేర్చిన మెత్తటి కలప ఆరు నెలల నుంచి ఏడాదిలో సిద్ధమవుతుంది, చేవగల గట్టి కలపకు ఏడాది నుంచి రెండేళ్ళు పట్టొచ్చు. నేలకు తగలకుండా కింద అడ్డకర్రలు వేసి, గాలి ఆడేలా సందులు వదిలి పేర్చండి. పైన మాత్రమే కప్పండి, పక్కలు తెరిచి ఉంచండి. కుప్ప మొత్తాన్నీ పట్టాతో చుట్టేస్తే లోపల తడి బయటికి పోలేక కట్టె బూజు పడుతుంది. వారానికి సరిపడా కట్టెలు ఇంట్లో పెట్టుకోవచ్చు గానీ స్టవ్‌కు ఆనించి మాత్రం వద్దు. "ఇంకొంచెం ఆరతాయి కదా" అని స్టవ్ మీద, కింద కట్టెలు పెట్టడం వల్ల ఇళ్ళు తగలబడిన ఘటనలు ఉన్నాయి.

పైన్ లాంటి జిగురు కట్టె కాలిస్తేనే చిమ్నీ పాడవుతుందని మీరు కూడా రాశారు. ఈ నమ్మకం చాలా గట్టిగా పాతుకుపోయింది, కానీ నిజం కాదు. బాగా ఆరిన పైన్ వేడిగా, శుభ్రంగా మండుతుంది. సరిగా ఆరని గట్టి కలపను గాలి మూసి రగిలిస్తే వచ్చే తారు దానికన్నా ఎక్కువ. జాతి కన్నా తేమే ముఖ్యం.

కాల్చకూడనివి మాత్రం కచ్చితంగా ఉన్నాయి. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, చెదలు పట్టకుండా మందు ఎక్కించిన కలప, ప్లాస్టిక్, అట్టపెట్టెలు, రంగు కాగితాలు, ఇంటి చెత్త. మందు ఎక్కించిన పాత కలపలో ఆర్సెనిక్ ఉండొచ్చు, అది పొగలోకీ బూడిదలోకీ వస్తుంది. సముద్రపు ఒడ్డుకు కొట్టుకొచ్చిన కలపలోని ఉప్పు స్టవ్ ఇనుమును తినేస్తుంది, పొగలో విషపదార్థాలనూ పెంచుతుంది. అట్టలు, కాగితాలు ఒక్కసారిగా భగ్గుమని లేచి, మండుతున్న తునకలు చిమ్నీ పైకి పోతాయి. లోపల క్రియోసోట్ పట్టి ఉంటే దాన్ని అంటించడానికి అవి చాలు. పెట్రోలు, కిరోసిన్ లాంటివి స్టవ్ దగ్గరికే తేవద్దు.

ముట్టించినప్పుడు పొగ గదిలోకి రావడానికి కారణం చాలావరకు చల్లటి చిమ్నీ. మీది పాత ఇటుక చిమ్నీ, అందులోనూ బయటి గోడకు కట్టినది అన్నారు. దాని నిండా బరువైన చల్లగాలి కూర్చుని ఉంటుంది. కింద చిన్న మంట పెడితే దాని పొగకు ఆ గాలిని పైకి తోసే బలం ఉండదు. ఇక్కడ కట్టె పేర్చే తీరు మార్చి చూడండి. చాలామంది కింద కాగితం, దాని మీద చితుకులు, పైన పెద్ద కట్టెలు పెడతారు. తిరగేయండి. అడుగున చీల్చిన మధ్యరకం కట్టెలు రెండు మూడు, వాటి మీద సన్నకట్టెలు అడ్డదిడ్డంగా, అన్నిటికన్నా పైన చితుకులు పెట్టి పైనుంచి ముట్టించండి. మంట పైన ఉంటుంది కాబట్టి చిమ్నీ త్వరగా వేడెక్కుతుంది. కింది కట్టెల నుంచి వచ్చే వాయువులు ఆ మంట గుండానే పోవాలి, అక్కడే కాలిపోతాయి. పొగ ఎంత తగ్గుతుందో మొదటిసారే మీకు తెలుస్తుంది. ముట్టించేటప్పుడు గాలి మీటలన్నీ పూర్తిగా తెరిచి ఉంచండి, మంట నిలిచి కట్టెలు బాగా అంటుకున్నాకే మెల్లగా తగ్గించండి.

అప్పటికీ పొగ వస్తుంటే వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్, బాత్రూమ్ ఫ్యాన్, బట్టలు ఆరబెట్టే మెషిన్ నడుస్తున్నాయేమో చూడండి. కిటికీలన్నీ బిగుతుగా మూసిన ఇంట్లో ఇవి గాలిని బయటికి లాగేస్తుంటే, ఆ లోటు పూడ్చడానికి గాలి చిమ్నీ గుండా కిందికి దిగుతుంది, పొగనూ వెంటబెట్టుకు వస్తుంది. వాటిని ఆపి, స్టవ్ ఉన్న గది కిటికీ ఒక అంగుళం తెరవండి. దాంతో పొగ ఆగితే కారణం దొరికినట్టే, స్టవ్‌కు బయటి నుంచి నేరుగా గాలి వచ్చే గొట్టం పెట్టించుకోవచ్చు. ఇవేవీ కాకపోతే చిమ్నీలోనే అడ్డం ఉన్నట్టు. పైన టోపీ కింద ఉండే జాలీ మసితో పూడుకుపోవడం, పక్షులు గూడు పెట్టడం మామూలే. ఎత్తు చాలకపోయినా ఇలాగే అవుతుంది. కప్పు నుంచి బయటికి వచ్చిన చోట చిమ్నీ కనీసం 90 సెంటీమీటర్ల ఎత్తుండాలి, చుట్టూ మూడు మీటర్ల లోపు ఉన్న కప్పు భాగం కన్నా, గోడ కన్నా కనీసం 60 సెంటీమీటర్లు పైకి ఉండాలి.

మంట సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి బయటికి వెళ్ళి చిమ్నీ చివర చూడటం కన్నా తేలిక దారి లేదు. ముట్టించిన ఇరవై నిమిషాలకల్లా పొగ కనిపించీ కనిపించనట్టు ఉండాలి. చలిలో తెల్లటి ఆవిరి వచ్చి వెంటనే కరిగిపోతే భయం లేదు. బూడిద రంగులో, నీలంగా, తేలుతూ చాలా దూరం పోతోందంటే మీ కట్టె చిమ్నీలో తారుగా మారుతోంది. దీనికి తోడు గొట్టానికి అతుక్కునే అయస్కాంతపు థర్మామీటర్ ఒకటి పెట్టుకోండి. స్టవ్‌కు అరమీటరు పైన, ఒంటిపొర గొట్టం మీద అంటిస్తే సుమారు 120 నుంచి 240 డిగ్రీల మధ్య చూపిస్తుండాలి. అంతకన్నా తక్కువలోనే గంటల తరబడి ఉంటే క్రియోసోట్, మరీ ఎక్కువైతే ఇనుము పాడవుతుంది. రెండు పొరల గొట్టానికి ఈ రకం పనిచేయదు, లోపలికి సూది దిగే రకం కావాలి.

ఇప్పుడు శుభ్రం సంగతి. ఏడాదికి ఒక్కసారైనా చిమ్నీ తనిఖీ జరగాలని అమెరికా జాతీయ అగ్నిరక్షణ సంఘం ప్రమాణం చెబుతుంది. వాడినా వాడకపోయినా ఇది వర్తిస్తుంది, ఎందుకంటే వాడని చిమ్నీలోనూ పక్షి గూళ్ళు, పగుళ్ళు వస్తాయి. గోడకు పట్టిన పొర 3 మిల్లీమీటర్లకు చేరితే శుభ్రం చేయాల్సిందే. గాజులా మెరిసే పొర ఉంటే అది ఎంత పలచగా ఉన్నా ఆగకూడదు. రోజూ కాల్చే ఇంట్లో ఏడాదికి రెండుసార్లు అవసరం పడొచ్చు. చలికాలం మొదట్లో అందరూ పిలుస్తారు, నేనైతే చలికాలం అయిపోగానే చేయించమంటాను. మసిలో ఆమ్లగుణం ఉంటుంది, వానాకాలపు తడి దానితో కలిస్తే ఇనుప గొట్టాన్నీ ఇటుకల సందుల్లోని సున్నాన్నీ నెలల తరబడి తింటుంది. మొదటిసారి ముట్టించే ముందు మాత్రం దారిలో ఏ అడ్డమూ లేదని మళ్ళీ ఒకసారి చూసుకోవాలి.

మీరడిగిన పొడి గురించి. అలాంటి పొడులు, అదే పనికని అమ్మే దుంగలు పూర్తిగా దండగ అనను. గట్టి తారును కొంత పొడిబార్చి, బ్రష్‌కు లొంగేలా చేస్తాయి. కానీ చిమ్నీని శుభ్రం చేయవు. రాలిన పెచ్చులు వంపుల్లో, స్టవ్ పైకప్పు పలక మీద పడి దారి మూసేయవచ్చు. పగిలిన గొట్టాన్ని, ఊడిన ఇటుకను అవి మీకు చెప్పవు. బ్రష్‌కు ముందు సాయంగా వాడితే వాడండి, బ్రష్‌కు బదులుగా వద్దు.

వచ్చినవారిని కొన్ని విషయాలు తప్పకుండా అడగండి. లోపల గొట్టం ఉందా, ఉంటే మట్టిదా, స్టీలుదా, పగుళ్ళున్నాయా, స్టవ్ పొగ నోటికి సరిపడే కొలతలో ఉందా. నాకు ఎక్కువ అనుమానం ఇక్కడే ఉంది. తెరిచి ఉండే పాత ఫైర్‌ప్లేస్ కోసం కట్టిన చిమ్నీలు చాలా వెడల్పుగా ఉంటాయి. అలాంటిదానికి స్టవ్ గొట్టాన్ని ఊరికే దూర్చి వదిలేస్తే పొగ ఆ వెడల్పులో నెమ్మదించి, చల్లబడి, అంతా గోడలకే పడుతుంది. స్టవ్ కొలతకు తగిన స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాన్ని పైదాకా దించి, చుట్టూ వేడి నిలిపే పొర వేయించడమే దీనికి సరైన మందు. ఖర్చుతో కూడిన పనే, కానీ మీ ఇంట్లో ఒక్క మార్పుతో అన్నీ బాగుపడే చోటు ఉంటే అది ఇదే అవుతుంది. కెమెరా దించి లోపల చూపించమనండి, వీడియో మీరూ చూడండి.

మధ్యలో మీరే శుభ్రం చేసుకోవాలనుకుంటే, కప్పు ఎక్కాల్సిన పని అయితే మానుకోండి. కింది నుంచి చేయగలిగితే స్టవ్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. మట్టి గొట్టానికి స్టీలు తీగల బ్రష్, స్టెయిన్‌లెస్ గొట్టానికి గట్టి ప్లాస్టిక్ బ్రష్ వాడాలి. కొలత గొట్టానికి సరిగ్గా సరిపోవాలి. పొయ్యి లోపల పైన అడ్డంగా ఉండే పలకను తీసి దాని మీద చేరిన మసిని తప్పకుండా తీయండి, అందరూ మరిచేది దాన్నే. మంచి మాస్క్, కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకుండా మాత్రం చేయొద్దు. మసి క్యాన్సర్ కారకం. ఒక వృత్తిలో తగిలే పదార్థానికీ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని మొదట గుర్తించింది దీని విషయంలోనే. లండన్ వైద్యుడు పర్సివల్ పాట్ 1775లో చిమ్నీలు ఊడ్చేవాళ్ళకు వచ్చే క్యాన్సర్ గురించి రాశాడు. చిన్నప్పటి నుంచి ఆ ఇరుకు గొట్టాల్లోకి దూరి పనిచేసినవాళ్ళు వాళ్ళు.

బూడిద విషయంలో జాగ్రత్త చెప్పడానికి నివురుగప్పిన నిప్పు అన్న మన మాట ఒక్కటే చాలు. బూడిద వేడిని బయటికి పోనివ్వదు, అందుకే లోపలి కణికలు ఒక్కోసారి మూడు నాలుగు రోజులు బతికి ఉంటాయి. పైన చెయ్యి పెడితే చల్లగానే ఉంటుంది. దాన్ని ప్లాస్టిక్ బకెట్లోనో, కాగితపు సంచిలోనో, అట్టపెట్టెలోనో ఎత్తి వరండాలో పెట్టడంతో మొదలైన అగ్నిప్రమాదాలు ఎన్నో. బిగుతు మూత ఉన్న ఇనుప డబ్బాలో ఎత్తండి, దాన్ని ఇంటికి దూరంగా నేల మీదో రాతి మీదో పెట్టండి. చెక్క మెట్ల మీద, గ్యారేజీలో వద్దు. కొన్ని రోజులాగి, కలిపి చూసి, అప్పుడు పారబోయండి. ఇల్లు ఊడ్చే మామూలు వాక్యూమ్‌తో బూడిద ఎత్తకండి. ఒక్క కణిక చాలు సంచి అంటుకోవడానికి, పైగా సన్నటి నుసి వడపోతలోంచి గదిలోకి వచ్చేస్తుంది.

రోజూ మొత్తం ఊడ్చేయనక్కర్లేదు. కట్టెలు మాత్రమే కాల్చే స్టవ్ అడుగున రెండు మూడు సెంటీమీటర్ల బూడిద ఉంచితే కణికలు నిలుస్తాయి, అడుగు పలకకూ రక్షణ. మీ స్టవ్‌తో వచ్చిన పుస్తకం వేరేలా చెబితే దాని ప్రకారం చేయండి. బూడిదలో నల్లటి బొగ్గు ముక్కలు చాలా ఉంటున్నాయంటే గాలి చాలడం లేదని అర్థం. మంచి కట్టె బూడిద మొక్కలకు పనికొస్తుంది, కానీ అది నేలలో క్షారాన్ని పెంచుతుంది కాబట్టి పలచగా చల్లాలి, పుల్లటి నేల కోరే మొక్కలకు వేయకూడదు. తడిస్తే చర్మాన్ని మండించేంత ఘాటు దానికి ఉంది.

అద్దం తుడవడానికి మందులేవీ కొనక్కర్లేదు. స్టవ్ చల్లారాక తడిపిన కాగితాన్ని మెత్తటి బూడిదలో అద్ది రుద్దండి, వచ్చేస్తుంది. గరుకు పీచు వాడితే గీతలు పడతాయి. తలుపు చుట్టూ ఉండే తాడులాంటి గాస్కెట్‌ను చూసేటప్పుడు తలుపు మధ్య కాగితం ముక్క పెట్టి మూసి లాగండి. ఎక్కడైనా సులువుగా జారి వస్తే అక్కడి నుంచి దొంగగాలి లోపలికి పోతోంది, మంట మీ అదుపులో ఉండదు. తాడు మార్చడం చిన్న పని, ఎక్కువ వేడి తట్టుకునే జిగురుతో మీరే చేసుకోవచ్చు. లోపలి ఇటుకల్లో సన్నటి పగులుకు కంగారు పడనక్కర్లేదు. విరిగి పడుతుంటే, వెనక ఇనుము కనిపిస్తుంటే మార్చండి.

స్టవ్ చుట్టూ ఉన్న ఖాళీ గురించి మీరు అడగలేదు, కానీ పక్కనే చెక్క అలమర ఉందని రాశారు కాబట్టి చెబుతున్నాను. మండే వస్తువులకు ఎంత దూరం ఉండాలో మీ స్టవ్ వెనక పలక మీద రాసి ఉంటుంది. అలాంటి లెక్క ఏదీ లేని స్టవ్‌కైతే అన్ని వైపులా 90 సెంటీమీటర్లు వదలాలి. "ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు" అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. చెక్క ఏళ్ళ తరబడి వేడికి గురవుతుంటే లోపల నెమ్మదిగా మాడి, మొదట్లో ఉన్నదానికన్నా చాలా తక్కువ వేడికే అంటుకునే స్థితికి వస్తుంది. గోడ లోపల గొట్టం పోయే చోట కూడా ఇదే జరుగుతుంది, అది కంటికి కనిపించదు. అలమర జరిపేయండి. స్టవ్ ముందు నేల మీద నిప్పురవ్వలు పడినా అంటుకోని రాయో, పలకో ఉండాలి. పిల్లలుంటే చుట్టూ కంచె తప్పనిసరి, ఆ అద్దం క్షణంలో చర్మాన్ని కాల్చేస్తుంది.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన, రుచి లేవు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, మత్తు వస్తాయి, జ్వరం ఉండదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఇలా అనిపించి, బయటికి వెళ్తే తగ్గితే దాన్ని ఫ్లూ అనుకోకండి. తలుపులు తెరిచి అందరూ బయటికి వచ్చేయండి, వైద్య సాయం కోసం ఫోన్ చేయండి. స్టవ్ ఉన్న గదిలో ఒక అలారం, పడకగదుల దగ్గర ఒకటి పెట్టండి. స్టవ్‌కు సరిగ్గా పైన కాకుండా కాస్త పక్కకు ఉండాలి. నెలకోసారి బటన్ నొక్కి చూడండి, దాని మీద రాసిన గడువు దాటితే మోగుతున్నా సరే మార్చేయండి. పొగ అలారం వేరు, ఇది వేరు, రెండూ కావాలి.

చిమ్నీలో నిప్పు అంటుకుంటే ఎలా తెలుస్తుందని చివర్లో అడిగారు. పెద్ద హోరు వినిపిస్తుంది, గొట్టం అదురుతుంది, బయట చూస్తే చిమ్నీ నోటి నుంచి నిప్పురవ్వలు, మంట, దట్టమైన పొగ వస్తుంటాయి. స్టవ్ తలుపు, గాలి మీటలన్నీ వెంటనే మూయగలిగితే మూయండి, ఇంట్లో అందరినీ బయటికి తెచ్చి అగ్నిమాపక దళానికి ఫోన్ చేయండి. వాళ్ళు వచ్చేదాకా లోపలికి వెళ్ళకండి. నీళ్ళు మాత్రం పోయకండి, ఎర్రగా కాలిన గొట్టం మీద నీరు పడితే పగిలిపోతుంది, మంట ఇంటి చెక్కలోకి దారి చేసుకుంటుంది. మంట తనంతట తాను ఆరిపోయినా సరే అగ్నిమాపక దళం వచ్చి చూడాల్సిందే, గోడ లోపల నిప్పు మిగిలి ఉండొచ్చు.

చప్పుడు లేకుండా నెమ్మదిగా కాలి ఆరిపోయేవీ ఉంటాయి, ఇంటివాళ్ళకు తెలియనే తెలియదు. ఉబ్బి తేనెపట్టులా గుల్లబారిన క్రియోసోట్, వంకరపోయిన డాంపర్ (పొగ దారిని మూసి తెరిచే పలక), రంగు మారిన టోపీ, కప్పు మీద నల్లటి పెచ్చులు దాని ఆనవాళ్ళు. మీ ఇంట్లో ఇప్పటికే అలా జరిగిందేమో చూడమని వచ్చినవారికి ప్రత్యేకంగా చెప్పండి. జరిగి ఉంటే లోపలి గొట్టాన్ని కెమెరాతో మొత్తం పరీక్షించి, బాగుచేసేదాకా ఒక్క పుల్ల కూడా వెలిగించకూడదు.

తనిఖీ అయ్యాక గొట్టం వెడల్పు, స్టవ్ పొగ నోటి కొలత, దుంగ చీల్చి చూస్తే మీటర్ చూపించిన తేమ శాతం, ఈ మూడు అంకెలు ఇక్కడ రాయండి. స్టీలు గొట్టం వేయించాల్సిన అవసరం ఉందో లేదో వాటిని బట్టి చెప్పగలను.